పరాయి యజమాని

కెయిర్న్స్
16 ఫిబ్రవరి 2004

క్లో,

కవరు బరువు చూసి ఆశపడకు. ఇందులో బట్టలు లేవు, కాయితాలే. నీకెలాగూ బట్టలకంటే కాయితాలే ఇష్టం కదా.

నేనూ మీ బావ గ్రాంటూ కంపెనీ పెడుతున్నాం. ఇక్కడ ఆస్ట్రేలియాలో కాదు, మన దీవిలో, మన ఊళ్లో. నాన్న కొబ్బరితోట దిగువన, రేవు పక్కన ఖాళీగా పడి ఉన్న ముక్క ఉంది చూడు, అక్కడ నూనె తీసే షెడ్డు వేస్తాం. ఎండు కొబ్బరిని బస్తాల్లో కుక్కి ఓడకెత్తి చేతులు దులుపుకోవడం ఇంకెన్నాళ్లు? పచ్చి కొబ్బరి నుంచి తీసిన నూనెను ఇక్కడి ఆడవాళ్లు ఎగబడి కొంటున్నారు. గ్రాంట్ డీజిల్ మెకానిక్ కాబట్టి యంత్రం సంగతి ఆయన చూసుకుంటాడు. మనుషుల సంగతి నాది. రెండేళ్లలో ఇక్కడ ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తాం. 'వచ్చేస్తాం' అన్న మాట రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

మన రాజధాని పోర్ట్ విలాలో పెట్టుబడుల ఆఫీసు వాళ్లు తొలి అనుమతి ఇచ్చారు. దరఖాస్తు మీద నా పేరుకు ఎదురుగా ఏముందో తెలుసా? పరాయి యజమాని. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న రోజునే మనది పోయిందట. "ఆ రేవులోనే ఈత నేర్చుకున్నానయ్యా" అని ఫోన్లో చెప్పాను. "ఫారంలో ఆ గడి లేదమ్మా" అన్నాడు గుమాస్తా. పాపం, మంచివాడిలాగే ఉన్నాడు.

పరాయివాళ్ల కంపెనీకి అక్కడే కాపురం ఉండే డైరెక్టరు ఒకరు కావాలి. అది నువ్వే. మిషన్ బడిలో పుస్తకాల బీరువా తాళంచెవి పట్టుకు తిరగడానికి ఇదేమీ అడ్డు రాదు, సంతకం పెడితే చాలు. అసలు పని లీజు. నేల నాన్నది కాబట్టి ఆయనే ఇవ్వాలి. సంతకం రాదు కనుక బొటనవేలి ముద్ర. ఇంకు డబ్బీ కూడా కవర్లో పెట్టాను. ఊరిపెద్ద సాక్షి సంతకం చేయాలి. ఏప్రిల్ ముప్పై లోపల ఆఫీసుకు చేరకపోతే అనుమతి పోయినట్టే. మళ్లీ ఇస్తారన్న నమ్మకం లేదు.

నాన్న ఇప్పటికీ నా పేరు ఎత్తడం లేదా? నిజం రాయి.

అక్క అడెలీన్

లామ్వియే
8 మార్చి

అక్కా,

కాయితాలు శుక్రవారం విమానంలో వచ్చాయి. డైరెక్టరు అన్నచోట సంతకం పెట్టాను. మరీ చిన్నదిగా వచ్చింది. పనికొస్తుందో లేదో.

లీజు నాన్నకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను. వేలు వేయలేదు. నిన్ను రమ్మన్నాడు.

ఊరిపెద్ద కావా కషాయం తాగడానికి మగవాళ్ల చావడి నకమల్‌కు వెళ్తుంటే దారిలో ఆపి అడిగాను. "మీ నాన్న వేలు వేసేదాకా నేను ఆగాలా? అవతల గిన్నెలు నింపేస్తున్నారు. ఇటివ్వు" అని ముందే సాక్షి సంతకం పెట్టేశాడు. తప్పేమో అనిపించింది గాని చెప్పలేకపోయాను.

నీ పేరు ఎత్తలేదు.

కంద దుంపలు బాగా ఊరాయి. వానలు ఇంకా తగ్గలేదు.

నీ చెల్లెలు
క్లోతిల్డ్

కెయిర్న్స్
29 మార్చి

క్లో,

నీ ఉత్తరం పోస్టుకార్డు మీద కూడా పట్టేది. 'నిన్ను రమ్మన్నాడు.' ఎలా రమ్మన్నాడు? ప్రేమగానా, కోపంగానా, కొట్టడానికా? నాకు తెలుసులే. నకమల్ ముందు ఊరి మగవాళ్లందర్నీ కూర్చోబెట్టి, తెల్లవాణ్ణి కట్టుకుపోయిన కూతురు నేలకోసం మోకాళ్ల మీద వచ్చిందని చూపించడానికి. పెళ్లికి పిలిస్తే నోరు విప్పని మనిషి ఇప్పుడెందుకు పిలుస్తాడు?

పైగా ఇప్పుడు కదలడం నావల్ల కాదు. గ్రాంట్ మోకాలికి ఆపరేషన్ అయ్యింది. ఆయన గట్టిగా తుమ్మినా నన్నే పిలుస్తాడు.

నేను నేల ఊరికే ఇమ్మనడం లేదని చెప్పు. యాభై ఏళ్ల లీజు, ఆ తర్వాత నేల మళ్లీ మనవాళ్లదే. ఆయన ఆరోగ్యం బాగానే ఉందిగా, నువ్వేమీ రాయలేదంటే బాగున్నట్టే. అయితే ఎదురుగా కూర్చుని ఒప్పించు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఎవరు ఏమడిగినా పుస్తకం వెనక దాక్కుంటావు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పనైనా చివరిదాకా చెయ్యి, క్లో. ఏప్రిల్ ముప్పై. మర్చిపోకు.

అడెలీన్

లామ్వియే
26 ఏప్రిల్

అక్కా,

చిన్నాన్న మిషన్ ఫోన్ నుంచి నీకు చెప్పే ఉంటాడు. నాన్న శనివారం పొద్దున పోయాడు. ఆదివారం పూడ్చాం. విమానం రేపుగాని లేదు కాబట్టి నీకోసం ఆపలేకపోయాం.

లీజు ఇందులో పెట్టాను. ముద్ర ఉంది.

క్లోతిల్డ్

కెయిర్న్స్
17 మే

నా చిట్టి క్లో,

ఇన్నాళ్లూ రాయలేకపోయాను. రాయబోతే కాయితం తడిసిపోయేది.

ముద్ర పక్కన తేదీ చూశాను. ఇరవై మూడు. పోయే ముందు రోజు. ఆ జబ్బు మనిషి, ఊపిరందని మనిషి (చిన్నాన్న చెప్పేదాకా నాకు తెలియదు, నువ్వెందుకు దాచావు?) చెయ్యి చాపి నాకోసం వేలు వేశాడు. పన్నెండేళ్లు నా పేరు నోట రానివ్వలేదు. చివరికి నోటితో కాదు, వేలితో పిలిచాడు.

అసలు కాయితం ఆఫీసుకు పంపే ముందు ముద్రను నకలు తీయించి పటం కట్టించాను. వంటగది గోడమీద ఉంది. దగ్గరగా చూస్తే బొటనవేలి మీద కత్తిగాటు గీత కూడా కనిపిస్తుంది. నాకు బొంగరం చెక్కుతుంటే తెగిన గాటు అది. పొద్దున్నే టీ పెట్టుకుని దాని ఎదురుగా కూర్చుంటాను. "మీ నాన్నతో మీటింగు అయిందా?" అంటాడు గ్రాంట్. అననీ. మొన్న బట్టలు ఉతుకుతుంటే ఆయన చుట్టపొగ వాసన వచ్చింది. ఇంట్లో ఎవరూ పొగ తాగరు.

నాన్న పోయాడని చెబితే ఆ గుమాస్తా గడువు రెండు వారాలు పొడిగించాడు. అనుమతి ఖాయమైంది! లైసెన్సు వచ్చింది. కంపెనీ పేరు మార్పించాను. 'తమార్ నూనెలు.' నాన్న పేరు. యంత్రం ఓడెక్కింది. నువ్వు నేల చదును చేయించి గుంజలు పాతించు.

ఒక్క సంగతి అడుగుతాను. వేలు వేసేటప్పుడు ఏమన్నాడు? ఒక్క మాటైనా సరే, ఉన్నదున్నట్టు రాయి.

నీ అక్క

లామ్వియే
7 జూన్

అక్కా,

నేల చదును చేయించడానికి నలుగురిని పెట్టాను. ముగ్గురు మానేశారు.

మూడో రోజు మధ్యాహ్నం, అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, కొబ్బరిచెట్ల వైపు నుంచి దగ్గు వినిపించింది. నాన్న దగ్గు నీకు గుర్తుందా? రెండు చిన్నవి, ఆగి ఒక పెద్దది. అలాగే. వాళ్లు కత్తులు కింద పెట్టి వెళ్లిపోయారు. నాలుగోవాడికి చెవుడు, అందుకే ఉన్నాడు.

గుంజలు నాటాం. మర్నాడు వెళ్లి చూస్తే పీకి ఉన్నాయి. పీకి పారేసినట్టు లేవు. పొడుగు వరసలో పొడుగువి, పొట్టి పక్కన పొట్టివి, కొసలన్నీ సముద్రం వైపుకు. నాన్న కందతీగల గుంజలు పీకి ఎలా సర్దేవాడో అలా.

చిన్నాన్న వచ్చి చూశాడు. వెళ్లి అడ్డు గుర్తుగా నమేలే ఆకు తెచ్చి దారి మధ్యలో పాతాడు. ఆకు తీసేదాకా ఎవరూ అడుగుపెట్టకూడదు. నేను కూడా.

అత్త అంటోంది, చచ్చినవాడు వందరోజులూ ఊళ్లోనే తిరుగుతాడు గాని ఇలా పనులు పెట్టుకోడట. "మా తమ్ముడి దగ్గర ఏదో ఆగిపోయిందే" అని నా వంక చూసింది. కొబ్బరి మట్ట ఆకుల్లో రోజుకొకటి తుంచుతోంది. వంద ఆకులూ అయిపోయేరోజు ఆగస్టు ఒకటి. ఆ రోజు విందు పెట్టి, మగవాళ్లు గడ్డాలు గీయించుకుంటే, నాన్న వెళ్లిపోతాడు.

వేలు వేసేటప్పుడు ఏమీ అనలేదు.

క్లోతిల్డ్

కెయిర్న్స్
25 జూన్

క్లో,

దగ్గూ లేదు, దయ్యమూ లేదు. గుంజలు పీకినవాడికి రెండు కాళ్లున్నాయి, చిన్నాన్న అని పేరు కూడా ఉంది. అన్న పోగానే తమ్ముడికి తోట కావాల్సి వచ్చింది. నాన్న పనిచేసే తీరు ఆయనకు తెలియదా? ఒకే గుడిసెలో పెరిగినవాళ్లు!

ఆకు పెద్దదో కాయితం పెద్దదో తేల్చుకుందాం. పోర్ట్ విలాలో వకీలును మాట్లాడాను. మనదగ్గర లైసెన్సు ఉంది, లీజు ఉంది, ముద్ర ఉంది. కావలసింది ఒక్కటే. కంపెనీ డైరెక్టరుగా నువ్వు ద్వీపపు భూముల పంచాయితీ ముందు నిలబడి, మా నాన్న బతికుండగా, తెలివిలో ఉండగా, నా కళ్లెదుట వేలు వేశాడని ప్రమాణం చేయాలి. నిజమే కదా, భయమెందుకు? రెండు ముక్కలు. నీకు అంతకంటే ఎక్కువ మాట్లాడటం ఎలాగూ రాదు.

వందోరోజుకు మేమిద్దరం వస్తున్నాం. నాన్నే పిలిచాడు కాబట్టి తలెత్తుకుని వస్తాను.

అడెలీన్

లామ్వియే
12 జూలై

అక్కా,

ప్రమాణం చేయలేను.

వరసగా రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

మార్చిలో లీజు చదివినప్పుడు 'పరాయి యజమాని' దగ్గర నాన్న ఆపాడు. "ఎవరే పరాయి?" అన్నాడు. అక్క అన్నాను. చుట్ట వెలిగించుకున్నాడు. తర్వాత అన్న మాటలివి. "కాయితం నా బిడ్డను పరాయిదంటోందా? సరే, పరాయిదాన్నే రమ్మను. నేల కావలసిన పరాయివాళ్లు ఏం చేస్తారు? నకమల్ ముందు చాప మీద కూర్చుని, పందిని ఇచ్చి, నోటితో అడుగుతారు. మా తాత అలా అడిగే ఈ ఊరివాడయ్యాడు. పరాయిదిగా వచ్చి కూర్చుంటే ఇంటిదిగా లేస్తుంది. వేలిదేముంది!"

నీకు కోపం వస్తుందని 'పరాయి' అన్న మాట రాయలేదు. అది తీసేస్తే మిగతాది నిలబడలేదు. అందుకని 'నిన్ను రమ్మన్నాడు' అని మాత్రం రాశాను.

ఇంకా ఉంది. మర్నాడు నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లాడు. కోరలు గుండ్రంగా తిరిగిన పంది, ఆరేళ్లుగా ఎవరికీ ఇవ్వకుండా మేపుతున్నది, దాన్ని చూపించి, "అది విమానంలో పందిని ఎక్కించుకు రాదుగా. దీన్నే ఇస్తుంది. నాదే నాకిస్తుంది. నలుగురిలో నా బిడ్డ ఉత్తిచేతులతో కూర్చోకూడదు. ఎవరితోనూ అనకు" అని నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. ఎవరితోనూ అనకు అన్నాడు కాబట్టి నీతోనూ అనలేదు. జబ్బు సంగతి కూడా రాయొద్దన్నాడు. "జబ్బని రాస్తే నాకోసం వస్తుంది. నేలకోసం రావాలి" అన్నాడు.

మంగళవారం, శుక్రవారం విమానం చప్పుడు వినగానే తలుపు తీయమనేవాడు. "ఎవరైనా దిగారా?" అనేవాడు. ఎవరెవరు దిగారో చెప్పేదాన్ని. నువ్వు రావని ఉత్తరం వచ్చిందని చెప్పలేదు. చివరి శుక్రవారం కూడా అడిగాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి పోయాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఏడిస్తే జనం వచ్చేస్తారు. అందుకని ఏడవలేదు. నీ ఉత్తరం నా గౌను జేబులో ఉంది. ఒక్క పనైనా చివరిదాకా చెయ్యి అన్న ఉత్తరం. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వెచ్చగా ఉంది కాబట్టి ఇంకా ఉన్నాడనే అనుకున్నాను. ఇంకు డబ్బీ తీశాను. ముద్ర మొదటిసారికే బాగా వచ్చింది. తేదీ ముందురోజుది వేశాను. సబ్బుతో కడిగాను, నిమ్మకాయతో రుద్దాను, నీలం పోలేదు. అప్పుడు తలుపు తీసి ఏడ్చాను.

ఒళ్లు తుడిచేటప్పుడు అత్త ఆ వేలు చూసింది. "ఏమిటే ఈ నీలం?" అంది. బడి ఇంకు అన్నాను. నాన్న ఏ బడికి వెళ్లాడని? అత్త మళ్లీ అడగలేదు. నీలం వేలితోనే మట్టిలోకి వెళ్లాడు.

గుంజలు చిన్నాన్న పీకలేదు. ఆ వారమంతా ఆయన జ్వరంతో మిషన్ ఆసుపత్రిలో ఉన్నాడు, లేచాకే వచ్చి చూశాడు. ఇది కూడా రాయాల్సింది.

నీ వంటగది గోడ మీద ఉన్నది నాన్న పిలుపు కాదు. ఆయన పిలిచింది నోటితోనే. అది నా దగ్గరే ఆగిపోయింది.

క్లోతిల్డ్

కెయిర్న్స్
23 జూలై

క్లోతిల్డ్,

పటం దించాను. గోడ మీద దానంత మేర తెల్లగా ఉంది.

నాలుగు రోజులు నిన్ను తిట్టుకున్నాను. ఐదో రోజు నా పాత ఉత్తరాల నకళ్లు తీసి చదివాను. ఆ తర్వాత తిట్టలేదు.

పెట్టుబడుల ఆఫీసుకు రాసి పంపాను. లీజు చెల్లదనీ, ముద్ర నేనే దొంగతనంగా వేయించాననీ, అక్కడి డైరెక్టరుకు ఏమీ తెలియదనీ. లైసెన్సు రద్దు చేస్తారు. యంత్రాన్ని రేవులోనే అమ్మేయమని గ్రాంట్ చెప్పాడు. ఇలాంటి పని చేసిన పరాయి యజమానిని మళ్లీ దేశంలోకి రానివ్వకపోవచ్చని వకీలు అన్నాడు. వాళ్లు నాకు వేయగల శిక్ష అదే కదా. నువ్వు ఆ ఊళ్లో బతకాలి. పిల్లలకు పాఠం చెప్పాలి. నీమీద మచ్చ పడటానికి వీల్లేదు.

కాబట్టి వందోరోజుకు రాను. నువ్వు నోరు మెదపకు. నోరు మెదపకుండా ఉండటం నీకు కష్టం కాదులే. (ఇది తిట్టు కాదు.)

నిన్న మధ్యాహ్నం భోంచేస్తుంటే స్నానాలగదిలో దగ్గు వినిపించింది. రెండు చిన్నవి, ఒక పెద్దది. గ్రాంట్ లేచి వెళ్లి నీటి గొట్టాలు చూసొచ్చాడు. వచ్చాక స్నానాలగది తలుపుకు గడియ పెట్టాడు.

నోటితోనే పిలిచాడని రాశావు. ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో.

అక్క

లామ్వియే
3 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చెప్పినట్టు వినలేదు.

శనివారం తొంభై తొమ్మిదో రోజు. మర్నాటి విందుకు పొయ్యిగుంటలు తవ్వి, రాళ్లు పేర్చి, మగవాళ్లంతా నకమల్ ముందు కూర్చున్నారు. దాని ముందున్న హద్దు గీతను ఆడవాళ్లు దాటకూడదు కదా, గీత ఇవతల నిలబడ్డాను. చెప్పదలచుకున్నదంతా రాసుకుని వెళ్లాను. కాయితం మడత విప్పాను.

"అవతల పారెయ్యవే దాన్ని. కాయితాలతోనే కదా ఇంతదాకా తెచ్చావ్. నోటితో చెప్పు" అన్నాడు చిన్నాన్న.

చెప్పాను. ముద్ర సంగతి, నీలం సంగతి, నాన్న అన్న మాటలు, పంది, విమానం, అన్నీ. ఎంతసేపు చెప్పానో తెలియదు. "గట్టిగా చెప్పవే, చెవిటివాడు కూడా వినాలి" అని ఎవడో అరిచాడు. చెవిటివాడు మాత్రం తల ఊపుతూనే ఉన్నాడు.

ఊరిపెద్ద లేచి నాకు ఏ శిక్ష వేయాలో మొదలుపెట్టాడు. వెనకనుంచి అత్త, "ఖాళీ కాయితం మీద సాక్షి సంతకం పెట్టిన పెద్దమనిషి ఎవరట?" అంది. ఆయన కూర్చున్నాడు. చివరికి తప్పు కింద నేను పది చాపలు అల్లి ఇవ్వాలి, ఊరిపెద్ద ఐదు కొని ఇవ్వాలి అని తేల్చారు. నాకు అల్లడం వచ్చు కాబట్టి ఫరవాలేదు.

అప్పుడు చిన్నాన్న అడిగాడు, "మరి ఆ పంది ఎవరిది?" రేపటి విందుకు కోయబోయేది దాన్నే. అక్కది అన్నాను. చిన్నాన్న లేచాడు.

"అయితే కోసేదెలా? ఆ పిల్ల వచ్చి ఇవ్వందే మనమెలా తింటాం? మా అన్న దానికోసం చూస్తూ తిరుగుతుంటే ఏ మొహంతో సాగనంపుతాం?" అని, గీత దాటి వచ్చి, మట్ట మీద రేపటికి మిగిలిన ఒక్క ఆకును ఇక తుంచొద్దని అత్త చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఊరికి రేపు వందోరోజు కాదు. అది వచ్చి కూర్చునేదాకా తొంభై తొమ్మిదే."

మగవాళ్లు గోల పెట్టారు. మూడు నెలల గడ్డాలు, ఎండాకాలం ముందుంది. "ఆ పిల్ల ఏడాదికి వస్తే?" అన్నాడొకడు. "ఏడాది గోక్కో" అన్నాడు చిన్నాన్న. పొయ్యిగుంటలు పూడ్చేశారు. నమేలే ఆకు అలాగే ఉంది. నువ్వు అడిగితే తీస్తాడట. ఇస్తానని అనలేదు. అడిగితే వింటానన్నాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆఫీసుకు నేనూ రాశాను. ముద్ర వేసింది నేనని, సాక్షిగా అత్త పేరు పెట్టాను. ఒక్క వేలికి ఇద్దరం దొంగలమని చెప్పుకున్నాం, ఎవరిని పట్టుకుంటారో వాళ్లిష్టం. డైరెక్టరుగా నా పేరు కొట్టేయమన్నాను. కంపెనీ లేదు, లీజు లేదు. నువ్వు మామూలు మనిషిగా టిక్కెట్టు కొనుక్కుని వస్తే ఆపుతారో లేదో వచ్చి చూడు. ఆపితే నేను పోర్ట్ విలాకు వచ్చి ఇలాగే నిలబడి చెబుతాను. ఇప్పుడు వచ్చింది నాకు.

ఈరోజు లెక్కకు నూట రెండో రోజు. ఎవరూ పైకి అనడం లేదు గాని, గడువు దాటాక చనిపోయినవాణ్ణి ఊళ్లో ఉంచుకోవడం అందరికీ భయంగానే ఉంది. పిల్లల్ని తోట వైపు పంపడం లేదు. కుక్కలు కూడా అటు వెళ్లడం మానేశాయి.

మధ్యాహ్నం నేను వెళ్లాను. ఆకు ఇవతలే ఆగాను. కాసేపటికి దగ్గు వినిపించింది, ఇదివరకంత దూరంలో కాదు. భయం వేయలేదంటే అబద్ధం. "వస్తోంది నాన్నా" అన్నాను. దగ్గు ఆగిపోయింది.

నిన్ను అడక్కుండా మాట ఇచ్చేశాను అక్కా. వింటున్నవాడికి ఇచ్చాను.

క్లోతిల్డ్